ఐదో డాన్ చూసి సరేనన్న మోకాలు

2021 జనవరి 12, మంగళవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు లావణ్య రెండు ఊతకర్రల మీద మా ఫిజియోథెరపీ సెంటర్‌లోకి వచ్చింది. జర్మనీలో మా ఊరు ఆకెన్‌లో అప్పుడు రెండో లాక్‌డౌన్ నడుస్తోంది. దుకాణాలు, జిమ్‌లు, ఆటల హాళ్లు మూసేశారు. డాక్టరు చీటీ ఉన్నవాళ్లకు మాత్రం మేం వైద్యం చెయ్యవచ్చు. నాకప్పుడు అరవై ఆరేళ్లు. రిటైరై ఏడాదైంది. మా సెంటర్‌లో ఇద్దరు క్వారంటైన్‌లో పడటంతో వారానికి మూడు రోజులు రమ్మని అడిగారు, ఒప్పుకున్నాను.

పేరు, పుట్టిన తేదీ జర్మన్‌లో అడిగి రాసుకున్నాను. బల్లమీద కాలు పెట్టబోతూ ఆ పిల్ల "అమ్మో" అంది.

"ఏ ఊరమ్మాయివి?" అన్నాను తెలుగులో.

"హన్మకొండ. మీరు తెలుగా ఆంటీ?"

"తెనాలి. మాటలు తర్వాత, ముందు కాలు చాపు."

ఇరవై ఆరేళ్లు. ఇక్కడి యూనివర్సిటీలో మెకానికల్ మాస్టర్స్ చేస్తోంది. తైక్వాండో నేర్చుకుంటూ, 2020 అక్టోబర్ 24న, ఎగిరి తన్ని దిగేటప్పుడు కుడి మోకాలిలో ఎ.సి.ఎల్. తెగింది. అది మోకాలి లోపల తొడ ఎముకను, కింది ఎముకను ఏటవాలుగా పట్టి ఉంచే లిగమెంట్. అది లేకపోతే తిన్నగా నడవవచ్చు గాని, పరుగులో మలుపు తిరిగినప్పుడు మోకాలు జారిపోతుంది. డిసెంబర్ 1న ఆపరేషన్ చేసి, ఆమె తొడ వెనక నుంచి తీసిన స్నాయువుతో కొత్త లిగమెంట్ పెట్టారు. దాన్ని గ్రాఫ్ట్ అంటాం.

ఆ రోజు కొలతలు: మోకాలు వంగింది 85 డిగ్రీలు. చిప్పకు పదిహేను సెంటీమీటర్ల పైన, కుడి తొడ చుట్టుకొలత ఎడమ తొడకన్నా మూడున్నర సెంటీమీటర్లు తక్కువ. కొలత రాయకుండా ఏ రోగినీ నేను ఇంటికి పంపను.

మా పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. గ్రాఫ్ట్ విషయంలో నొప్పి ఉన్న రోజులు నన్ను అంతగా భయపెట్టవు. నొప్పి పోయాక వచ్చే నెలలే భయం. మోకాలు బాగైనట్టే అనిపిస్తుంది, లోపల గ్రాఫ్ట్ ఇంకా ముదిరి ఉండదు. అందుకే మలుపులు, గెంతులు ఉండే ఆటలకు తొమ్మిది నెలల లోపు పంపం. తొమ్మిది నెలలు నిండినా, లెక్క కుదిరితేనే.

లావణ్యది ఒకటే ప్రశ్న. ప్రతి సిట్టింగ్‌లోనూ అడిగేది.

"ఆంటీ, సెప్టెంబర్ వరకు అయితదా?"

ఆమె అప్పటికి ఎర్ర బెల్టు. తర్వాతది నల్ల బెల్టు, అంటే మొదటి డాన్. హన్మకొండలో మొదలుపెట్టి ఆరేళ్లుగా నేర్చుకుంటోంది. ఆ పరీక్ష మహమ్మారి వల్ల రెండుసార్లు రద్దయింది. ఇప్పుడు 2021 సెప్టెంబర్ 18 అని ప్రకటించారు. అక్టోబర్ ఒకటిన ఆమె ఇంటర్న్‌షిప్ కోసం స్టుట్‌గార్ట్ వెళ్లిపోవాలి.

"చలికాలం మల్ల బంద్ పెడ్తరు ఆంటీ. ఇప్పుడు కాకపోతే ఇగ కాదు" అనేది.

ఆ భయం తప్పని నేను చెప్పలేకపోయాను. ఆ రోజుల్లో ఎవరికీ రేపటి సంగతి తెలియదు. ఏప్రిల్‌లో నేనే పద్నాలుగు రోజులు ఇంట్లో బందీనయ్యాను. అప్పుడు ఐదు సిట్టింగులు వీడియోలో చేయించాను. ఆమె ఫోన్‌ను పుస్తకాలకు ఆనించి పెట్టేది. తెరమీద మోకాలు కనిపించేది గాని, అందులో వణుకు కనిపించేది కాదు.

ఆగస్ట్ 17న మొదటిసారి హాప్ టెస్ట్ చేశాను. ఒంటికాలి మీద ముందుకు గెంతించి, ఎంత దూరం పడిందో టేపుతో కొలుస్తాం. ఆపరేషన్ అయిన కాలు, బాగున్న కాలు గెంతిన దూరంలో కనీసం తొంభై శాతం గెంతాలి. ఎడమకాలు 142 సెంటీమీటర్లు గెంతింది, కుడికాలు 115. ఎనభై ఒక్క శాతం.

"చాలదమ్మా" అన్నాను.

ఆమె మాస్కు సరిచేసుకుంది. "మా సర్‌ని ఒక్కసారి తోలుకొస్త ఆంటీ. ఆయన ఫిఫ్త్ డాన్. కాలు చూస్తె చెప్తడు."

తోడు వచ్చేవాళ్లను అప్పట్లో లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. ఆయన్ని రానివ్వమని చెప్పింది నేనే.

సెప్టెంబర్ 7, మంగళవారం, సాయంత్రం నాలుగు ఇరవైకి శ్రీనివాస్ వచ్చారు. విశాఖపట్నం మనిషి. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ ఉద్యోగం, వయసు నలభై ఆరు. శనివారాలు రైల్లో ఆకెన్ వచ్చి, పైసా తీసుకోకుండా విద్యార్థులకు తైక్వాండో నేర్పేవారు. తలుపు దగ్గరే చెప్పులు విప్పబోతే వద్దన్నాను.

"మాస్టారూ, ఐదో డాన్ అంటే ఏమిటో ఈ ముసలిదానికి కాస్త చెప్పండి."

"నల్ల బెల్టు వచ్చాక మొదలయ్యే లెక్కండి. ఒకటి నుంచి రెండుకి ఏడాది ఆగాలి. అక్కణ్ణుంచి మూడుకి రెండేళ్లు, నాలుగుకి మూడేళ్లు, ఐదుకి నాలుగేళ్లు."

"మొత్తం పదేళ్లు."

"తక్కువలో తక్కువండి. నాకు పద్దెనిమిది పట్టింది. మధ్యలో ఉద్యోగం, పెళ్లి, జర్మనీ."

"పరీక్షలో ఏం చూస్తారు?"

"కింది డాన్‌లకి ఎదురుగా మనిషిని పెట్టి పోరు, ఎగిరి తన్ని చెక్క బోర్డులు పగలగొట్టడం కూడా ఉంటాయండి. పైకెళ్లేకొద్దీ మా సంఘంలో పూమ్సే ఎక్కువ. అంటే వరస కదలికలు, ఒక్కరే చేసేవి. ఒక వ్యాసం కూడా రాయాలి."

ఆయన దాచిందేమీ లేదు. తన డాన్ దేన్ని కొలిచిందో నిజాయితీగానే చెప్పారు. వినవలసిన విధంగా వినకపోయింది నేను.

హాప్ టెస్ట్ మళ్లీ చేశాను. ఎడమ 144, కుడి 130. తొంభై శాతం, పైన కొద్దిగా. లావణ్య కళ్లు మెరిశాయి.

"లావణ్యా, ఒకసారి గిర్రున తిరిగి కిక్కు కొట్టు" అన్నారు శ్రీనివాస్.

"నే, సబమ్‌నిమ్" అందామె నడుం వంచి. కొరియన్‌లో "అలాగే, గురువుగారూ" అని. వాళ్ల హాల్లో గురువు మాటకు జవాబు అదొక్కటే. పిల్ల ఒక్క తిరుగు తిరిగింది. పాదం నా నుదుటి ఎత్తుకు వచ్చి ఆగింది. కదల్లేదు.

"చూశారా మేడమ్? ఈ కాలికేం లేదండి. ముప్పై ఒక్కేళ్లుగా కాళ్లే చూస్తున్నాను."

"నేను నలభై ఒక్కేళ్లుగా" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషిని గుర్తించినట్టు అనిపించింది.

"నొప్పి ఉందా?" అని లావణ్యను అడిగాను.

"లేదాంటీ."

"మోకాలు వణుకుతోందా?"

ఆమె ముందు ఆయన వైపు చూసింది. తర్వాత నా వైపు. "లేదు."

ఆ చూపు నేను చూశాను. రాసుకోలేదు.

నా పద్ధతిలో ఇంకో పరీక్ష ఉంది. ఇరవై నిమిషాలు సైకిల్ గట్టిగా తొక్కించి, కాలు అలసిపోయాక మళ్లీ గెంతించాలి. ఎందుకంటే మోకాళ్లు తాజాగా ఉన్నప్పుడు తెగవు, అలసినప్పుడు తెగుతాయి. కాని టెర్మిన్, అంటే ఆమెకిచ్చిన సమయం, నాలుగు నలభైకి అయిపోయింది. తర్వాతి రోగి వరండాలో ఉన్నారు. మధ్యలో పది నిమిషాలు కిటికీలు తెరిచి గాలి ఆడించాలని నిబంధన. ఆ అందమైన కిక్కు కళ్లముందే ఉంది. పక్కన ఐదో డాన్. ఇటు నా నలభై ఒక్కేళ్లు. డాక్టరుకు పంపే రిపోర్టులో "పోరు లేకుండా పరీక్షకు వెళ్లవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. డాక్టరు ఆ రిపోర్టు మీదే అనుమతిచ్చాడు.

బస్సు ఎక్కేసరికే నాకు లోపల కుదురు తప్పింది. బుధవారం ఫైలు తీసి చూశాను. రెండో పరీక్ష గడి ఖాళీగా ఉంది. నా ఫైళ్లలో ఖాళీ గడి అరుదు. గురువారం ఫోన్ చేశాను.

"రేపొకసారి రామ్మా. సైకిల్ తొక్కించి చూస్తాను."

"రేపు కాదాంటీ, సర్ ప్రాక్టీస్ పెట్టిండు. పరీక్ష అయినంక వస్త. అంత మంచిగనే ఉంది, పరేషాన్ కాకుండ్రి."

తప్పనిసరిగా రావాలని నేను గట్టిగా చెప్పలేదు. చెబితే నా సంతకం తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మాట అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

సెప్టెంబర్ 18, శనివారం. పరీక్ష పదింటికి. హాల్లోకి చూసేవాళ్లను రానివ్వరు కాబట్టి ఇంట్లోనే కూర్చున్నాను. పన్నెండుకల్లా మెసేజ్ పెడతానంది. పన్నెండున్నరైంది. పప్పు పొయ్యిమీద పెట్టి, మాడిన వాసన వచ్చేదాకా మరిచిపోయాను. ఆలస్యంగా మొదలైందేమో అనుకున్నాను. గెలిచిన సంబరంలో మరిచిందేమో అనుకున్నాను. మూడోది అనుకోలేదు గాని, ఫోన్ చేతిలోంచి దించలేదు. ఒంటిగంటా పది నిమిషాలకు ఫోన్ మోగింది. శ్రీనివాస్.

"మేడమ్, బోర్డు పగిలిందండి" అన్నారు.

"మోకాలు?"

"దిగగానే పడిపోయింది. లేవలేకపోతోంది."

"ఎన్నో బోర్డు?"

"ఆఖరిదండి. నాలుగోది."

"ఆమె వంతు మొదలై ఎంతసేపైంది అప్పటికి?"

"ముప్పై ఐదు నిమిషాలు అయ్యుంటుంది."

సైకిల్ ఇరవై నిమిషాలు తొక్కించి ఉంటే ఏం కనబడేదో నాకు అప్పుడే తెలిసిపోయింది.

స్కాన్ 23న. గ్రాఫ్ట్ పూర్తిగా తెగింది. ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా లోపలివైపు చిరిగింది. మళ్లీ ఆపరేషన్.

నాలుగు బోర్డులూ పగిలాయి కాబట్టి పరీక్షకులు లావణ్యను పాస్ చేశారు. అక్టోబర్ మొదటి వారంలో సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. అది పట్టుకుని, ఊతకర్రలతో, ఆమె నా దగ్గరికే వచ్చింది.

"ఆంటీ, నేనిప్పుడు బ్లాక్ బెల్ట్. మెట్లు దిగుడే వస్తలేదు."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె కూడా నవ్వలేదు. కాగితం మడత పెడుతూ అసలు మాట చెప్పింది.

"ఇరవై కిక్కులైనంక మోకాలు ఊగుతుండె. ఆగస్ట్ నుంచే."

"నేను అడిగినప్పుడు లేదన్నావు కదమ్మా."

"సర్ ముంగట ఎట్ల చెప్త ఆంటీ? అంత పెద్దాయన మంచిగుందన్నంక?" మడిచిన కాగితం సంచిలో పెట్టుకుంటూ అంది, "మీ ముంగట గూడ ఎట్ల చెప్త? మీరు గూడ అంతే కదా."

నలభై ఒక్కేళ్లలో నాకు ఏ రోగీ అంత సూటిగా చెప్పలేదు.

అక్టోబర్ 12న శ్రీనివాస్ ఒక్కరే వచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు.

"నా డాన్ దొంగది కాదండి మేడమ్. కష్టపడి తెచ్చుకున్నాను."

"దొంగదని ఎవరన్నారు మాస్టారూ?"

"కానీ ఏ పరీక్షలోనూ ఎవరూ నన్ను ఇంకొకళ్ల మోకాలు చూసి చెప్పమనలేదు. నేనే చెప్పేశాను."

"నన్నూ అడగలేదు, సైకిల్ తొక్కించకుండా చెప్పమని" అన్నాను.

ఆయనను లేపి హాప్ టెస్ట్ చేశాను. కుడి 151, ఎడమ 148. తొంభై ఎనిమిది శాతం. తర్వాత ఇరవై నిమిషాలు సైకిల్ తొక్కించి మళ్లీ గెంతించాను. కుడి 139, ఎడమ 112. ఎనభై ఒకటి. ఎడమ చీలమండలో ఎప్పటిదో పాత బెణుకు. అలసిపోతే అది బయటికి వస్తోందని ముప్పై ఒక్కేళ్లలో ఆయనకే తెలియదు.

ఆయన కాగితం మీద ఆ అంకెలను చాలాసేపు చూశారు. "ఐదో డాన్ కాలండి ఇది" అన్నారు మెల్లగా.

తర్వాత చాలామంది నన్ను అడిగారు, ఈ డాన్‌లన్నీ ఉత్త పేరుకేనా అని. కాదు. శ్రీనివాస్ కిక్కు నేను చూశాను, అది ముప్పై ఏళ్ల పనే. ఎంతకాలం సాధన చేశాడు, తన ఒంటితో ఏం చేయగలడు అన్నవి డాన్ చెబుతుంది. ఎదుటి మనిషి మోకాలి గురించి చెప్పదు. నా సర్వీసూ అంతే. పైగా హోదా పెరిగేకొద్దీ ఇంకో నష్టం ఉంది. కిందివాళ్లు మనకు నిజం చెప్పడం తగ్గిస్తారు. మనకు అన్నీ తెలుసన్న నమ్మకంతోనే అలా చేస్తారు. అప్పటి నుంచి టెస్ట్ సమయంలో రోగితో ఎవరినీ ఉండనివ్వలేదు. "నొప్పి ఉందా" అని అడగడం మానేసి, "ఎన్నో కిక్కు తర్వాత మొదలవుతుంది" అని అడిగాను. రెండో గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టలేదు. 2022 డిసెంబర్‌లో పని మానేసేదాకా ఆ మూడూ పాటించాను.

లావణ్య విషయంలో పోయినవి:

ఎ.సి.ఎల్. రెండు, పుట్టుకతో వచ్చింది ఒకటి, తొడ నుంచి తీసి పెట్టింది ఒకటి.
లోపలి మెనిస్కస్‌లో మూడో వంతు.
మొదటి ఆపరేషన్ నుంచి పరీక్ష దాకా 291 రోజులు.
54 సిట్టింగులు.
స్టుట్‌గార్ట్ ఇంటర్న్‌షిప్.
రెండో ఆపరేషన్ తర్వాత కుడి తొడ చుట్టుకొలతలో నాలుగు సెంటీమీటర్లు. అందులో మూడు తిరిగి వచ్చాయి.
తైక్వాండో, ఆరేళ్లది. మళ్లీ వెళ్లలేదు.