మైకులో చేసిన ప్రార్థన

ప్రార్థన సగంలో ఉండగా ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచి, "ఆపండయ్యా!" అని అరిచింది. కళ్లు మూసుకున్న సంఘపెద్ద ఆగలేదు. ఆమె పేరు చెప్పి, "ప్రభువా, ఈ సహోదరి టీబీ జబ్బును ముట్టి స్వస్థపరచు" అని ముగించాకే కళ్లు తెరిచాడు. అప్పటికే ఆ మాట చర్చి కప్పు మీది మైకులోంచి ఊరంతా వినబడింది.

అవి ఎనభైల తొలి సంవత్సరాలు. నేను గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఉంటూ పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. మాది ఆ సంఘమే. ఎవరికి కష్టం వచ్చినా ఆరాధనకు ముందు సంఘపెద్ద చెవిన వేసేవారు. ఆయన దాన్ని పేరుతో సహా పైకి చెప్పి ప్రార్థించేవాడు. ఒకరి బాధ అందరూ పంచుకోవడమే సంఘం అనుకునేవాళ్లం. గోడల మధ్య జరిగినన్నాళ్లూ అందులో తప్పు ఎవరికీ తోచలేదు. మైకు ఆ ఏడే వచ్చింది.

ఆమె మిరప కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీ. భర్త పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో ఉండేవాడు, ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. ఇల్లు ఆమె కూలి మీదే గడిచేది. సోమవారం కూలీల ముఠా ఆమెను పిలవకుండా వెళ్లిపోయింది. కల్లం రైతు వద్దన్నాడట.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది.

"నీ మంచి కోరే కదమ్మా చేసింది" అన్నాడు సంఘపెద్ద.

"దేవుడికి చెప్పమన్నానండి. రైతుకు చెప్పమన్నానా?"

"దేవుడికేమన్నా చెవుడా, మైకు పెట్టారూ?" అంది వెనక నుంచి ఒక ముసలామె. అందరూ నవ్వారు. ఆ సహోదరి నవ్వలేదు.

బడిపంతులుగారు మాత్రం, "అంటుకునే జబ్బు కదా, పక్కన పనిచేసేవాళ్లకు తెలియొద్దా?" అన్నారు.

"మందులు మింగుతున్నాను. ఇక అంటదని డాక్టరుగారే చెప్పారు. ఆ మాట మైకులో చెప్పారా మీరు?"

చాలాసేపు వాదించుకున్నాక ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఎవరి కష్టం వారిది. ఎంతవరకు పైకి చెప్పాలో వాళ్లే చెప్పాలి, లేకుంటే పేరు తలిచి ఊరుకోవాలి. ప్రార్థన మనవులప్పుడు మైకు ఆపెయ్యాలి. ఆడవాళ్లు ముందు చేతులెత్తారు, మగవాళ్లు ఒకరినొకరు చూసుకుని ఎత్తారు.

ఆ కట్టుబాటు ఆమెకు పని తెచ్చిపెట్టలేదు. కొన్నాళ్లకు జబ్బు పూర్తిగా తగ్గిందని ఆసుపత్రిలో చెప్పారు. సంఘపెద్ద ఆమె ఇంటికి వెళ్లి, "నువ్వు ఊఁ అంటే నేనే రైతుకు చెబుతానమ్మా" అన్నాడు.

"తగ్గిందని చెప్పినా మళ్లీ నా జబ్బు మాటేగా అండీ" అంది. ఔననలేదు, కాదనలేదు. ఆమె ఔననకుండా ఆయన చెప్పడానికి వీల్లేదు.

నేను ఆ ఊరు వదిలేనాటికి ఆమె జవాబు చెప్పలేదు. పత్తి తీతకు పొరుగూరు నడిచి వెళ్తోంది.