దీవి డాక్టరమ్మకు నా గొంతు

ఆ రోజుల్లో కృష్ణానగర్‌లో, మా గల్లీలో, ఎవరికైనా అసూయ పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పక్కగది అమ్మాయి సినిమా డాన్సులో వెనక వరస నుంచి ముందు వరసలోకి జరిగిందంటే చాలు, మిగతా గదుల్లో ఆ పూట అన్నం సహించేది కాదు. నేనూ ఆ గాలే పీల్చాను. మా పిన్ని దగ్గర ఉంటూ జూనియర్ ఆర్టిస్టుగా తిరిగేదాన్ని. నా మొహంలో ఏం కనిపించేదో గానీ ఎప్పుడూ నర్సు వేషమే ఇచ్చేవారు. గల్లీ అంతా "నర్సక్కా" అనే పిలిచేది. (మా ఇంటి ఓనరమ్మ ఒకసారి బీపీ చూడమని చెయ్యి కూడా చాపింది.) ఎన్ని ఆస్పత్రి సీన్లలో నిలబడ్డా నోరు విప్పే భాగ్యం మాత్రం కలగలేదు. మా లైనులో డైలాగు ఉంటేనే మనిషి, లేకపోతే సెలైన్ స్టాండుతో సమానం.

అలాంటిది ఒకరోజు, మమ్మల్ని షూటింగులకు పంపే ఏజెంటు మామ గుమ్మంలోకి వచ్చి, "నర్సక్కా, ఈసారి నువ్వు డాక్టరువి. డైలాగ్ గూడ ఉంది. జర మంచిగ చెప్పు, నా ఇజ్జత్ తీయకు," అన్నాడు. ఆపరేషన్ గది తలుపు తోసుకుని బయటికొచ్చి, ఏడుస్తున్న హీరోయిన్‌తో "ఇంకేం భయం లేదమ్మా. మీ ఆయన కళ్ళు తెరిచారు" అనాలి. అంతే! ఇక నాకు అదే జపం. కూరగాయల బండివాడికి చెప్పాను, అద్దానికి చెప్పాను, పొయ్యి మీది చారుకి కూడా చెప్పాను. "చారు పొంగిపోతుంటే భయం లేదంటావేంటే, దిక్కుమాలినదానా!" అని పిన్ని గరిటె పట్టుకుని వెంటపడింది.

ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరులో ఆస్పత్రి సెట్టు వేశారు. కాస్ట్యూమరు తెల్లకోటు నా మీదికి విసిరాడు. గుండీలు పెట్టుకుంటూ ఉండగా జూబ్లీహిల్స్ నుంచి కారు వచ్చి ఆగింది. దిగింది నిర్మాతగారి అమ్మాయి. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో పెద్ద యూనివర్సిటీ ఉందట, డాక్టరు చదువుల కోసం దేశదేశాల పిల్లలు అక్కడికి వెళతారట, ఈ అమ్మాయి అక్కడ్నుంచే సెలవులకు వచ్చిందట. ఆ మాట దర్శకుడిగారి చెవిన పడగానే ఆయన చిటికేసి, "అసలు డాక్టరు ఎదురుగా ఉంటే వేషం డాక్టరెందుకండీ? ఆ కోటు అమ్మాయిగారికివ్వండి," అన్నారు. నేను పెట్టుకున్న గుండీలు నేనే విప్పుకున్నాను.

ఆ అమ్మాయి మేకప్ కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతుంటే, వద్దనుకుంటూనే అన్నీ విన్నాను. క్లాసు కిటికీలోంచి సముద్రం కనబడుతుందట. దారిలో మేకలు అడ్డం వస్తాయట. ఒక గాడిదకు ఇంజెక్షన్ కూడా ఇచ్చిందట. చదువులో చేరినప్పుడు పెద్ద డాక్టర్లు స్వయంగా తెల్లకోటు తొడిగితే అందరూ చప్పట్లు కొడతారట. (మా కాస్ట్యూమరు కోటు విసిరేసి, "మరకైందో, ఉతుక్కురావాల్సిందే" అంటాడు.) గాడిద మాట పట్టుకుని ఏజెంటు మామ దగ్గరికి పరిగెత్తాను.

"మామా, ఆవిడ చదివేది పశువుల డాక్టరు చదువు! హీరోగారికేమన్నా గాలికుంటు వచ్చిందా?"

"నోర్ముయ్! నిర్మాత బిడ్డ. ఎన్కకు పోయి నర్సు లెక్క నిలబడు. గట్ల మొకం పెట్టకు, కెమెరా పలుగుతది!"

వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "అక్కా, మీ డైలాగ్ నేను తీసేసుకున్నానా?" అని అడిగింది. పొగరుగా ఉంటే తిట్టుకుని హాయిగా ఉండేదాన్ని. మంచిది కూడానాయె! "అయ్యో, అదేం లేదమ్మా," అని నవ్వాను. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ నటించలేదు, ఏం లాభం, కెమెరా అటు తిరిగి ఉంది.

టేక్ మొదలైంది. ఆమె డైలాగ్ చెబుతోంది. ఉన్నట్టుండి "కట్!" అని వినబడింది. "ఏమ్మా నర్సమ్మా, ఆవిడ మాట్లాడుతుంటే నీ పెదాలెందుకు కదులుతున్నాయి?" అని కో డైరెక్టర్ గారు అరిచారు. కదుల్తాయి మరి, అన్నాళ్ళ జపం! "ఆవిడకో మాస్కు కట్టండయ్యా," అన్నారు. మాట పోయిందనుకుంటే మొహమూ పోయింది.

ఆ అమ్మాయి దీవికి వెళ్ళిపోయాక, ఒకరోజు డబ్బింగ్ థియేటరు నుంచి పిలుపొచ్చింది. ఆమె తెలుగు బొత్తిగా దీవి యాసలో పలికిందట. మన సినిమాల్లో మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది కావడం వింతేం కాదు. "ఆ పెదాలు కదిపిన నర్సమ్మకి డైలాగ్ నోటికొచ్చు కదా, పిలవండి," అన్నారట కో డైరెక్టర్ గారు. చీకటి గదిలో మైకు ముందు నిలబెట్టారు. తెరమీద గోడంత ఆ అమ్మాయి మొహం, నా కోటు! "ఇంకేం భయం లేదమ్మా," అన్నాను. అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు, "అమ్మా, ధైర్యం చెబుతున్నట్టు లేదు, శాపం పెడుతున్నట్టుంది," అన్నాడు. మళ్ళీ చెప్పాను. "ఇప్పుడు ఆయన పోయాడన్నట్టుంది." బయట బెంచీ మీద ఇంకో డబ్బింగ్ ఆవిడ టీ తాగుతూ కూర్చుంది. నేను కుదరకపోతే ఆవిడే. రెండోసారి కూడా పోగొట్టుకోవాలా? అప్పుడు తప్పక ఆ అమ్మాయిని సరిగ్గా చూశాను. ఆమె మాట మొదలుపెట్టే ముందు హీరోయిన్ చేతి మీద చెయ్యి వేసి, బెదిరిన లేగదూడను నిమిరినట్టు మెల్లగా నిమురుతోంది. అలా చెయ్యమని ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు నేనూ తీసుకుని మాట వదిలాను. "ఓకే!" అన్నారు.

సినిమాకు పిన్నిని తీసుకెళ్ళాను. ఆ సీను రాగానే మోచేత్తో పొడిచి, "నా గొంతే!" అన్నాను. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ, "ఊరుకోవే. ఆ పిల్ల ఎంత చక్కగా చెప్పింది! నువ్వూ ఉన్నావు, మూతికి గుడ్డ కట్టుకుని," అంది.

ఇప్పటికీ ఆ సినిమా టీవీలో వస్తుంటుంది. నేను చేస్తున్న పని ఆపి నిలబడతాను. ఆ అమ్మాయి ఏ ఊళ్ళో ఏ ఆవుకు వైద్యం చేస్తోందో, తన నోట్లో పలికింది ఎవరి గొంతో ఆమెకు తెలియనే తెలియదు. వెనకాల మాస్కు పైనుంచి గుడ్లురుముతున్న ఆ పిచ్చిపిల్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అసూయ మాత్రం పూర్తిగా పోయిందని చెప్పను. ఆ కోటు నాకే బాగా నప్పేది.