పళ్ళ డాక్టరు గారి రెండు సీసాలు

నరసరావుపేట పళ్ళ డాక్టరు గారు పోయారని మా బడి ఆయా చెప్పింది. దవడ వాచిపోయి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, ఆసుపత్రికి తాళం చూసి తిరిగొచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. తరగతిలో కూర్చోలేను, ఇంట్లో నిలవలేను. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

గురజాల ఆడపిల్లల బడిలో నేను తెలుగు చెబుతాను. ఎనభై మూడు చలికాలంలో నా ముందు పన్ను సగం నల్లబడి, పిల్లల ముందు నవ్వడమే మానేశాను. మా నాన్న వయసున్న ఆ డాక్టరు గారు దానికి తెల్ల సిమెంటు పెట్టారు. పెట్టేముందు నా చేతికి అద్దమిచ్చి వీధి గుమ్మంలోకి తీసుకెళ్ళారు. ట్యూబులైటు కింద రంగు సరిగా తెలియదని ఆయన పట్టుదల. రిక్షావాళ్ళు నా నోట్లోకి తొంగిచూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనకు మాత్రం నా పన్ను రంగూ, సిమెంటు రంగూ తప్ప వేరే లోకం లేదు.

"ఆరు నెలలు టీ ముట్టుకోబాక తల్లీ" అన్నారు. సరేనన్నాను.

ఆరు రోజులు ఆగాను. పదకొండు గంటలకు పొగలు కక్కే టీ, దానిమీద గ్లాసెడు కుండనీళ్ళు. అవి లేకపోతే నాకు పాఠం సాగదు. ఎండలు మొదలయ్యేసరికి సిమెంటు పసుపు రాసినట్టు తయారైంది. మళ్ళీ ఆయన దగ్గరికే పరుగెత్తాను. బల్లమీద పదిమంది కూర్చుని ఉండగా, టీ తాగావా అని అడిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చుక్క కూడా తాగలేదన్నాను. అబద్ధమాడిన పిల్లలతో గోడకుర్చీ వేయించేదాన్ని నేనే.

ఇంకొకరైతే లోపల నవ్వుకుని ఊరుకునేవారు. ఆయన నా మాట నమ్మి, తన సిమెంటును అనుమానించారు. పీకిన పళ్ళు రెండింటికి అదే సిమెంటు పెట్టి, ఒకదాన్ని మామూలు నీళ్ళ సీసాలో వదిలేశారట. రెండోదాన్ని ఒక నిమిషం వేణ్ణీళ్ళలో, ఒక నిమిషం కుండనీళ్ళలో, ఖాళీ దొరికినప్పుడల్లా ముంచుతూ కూర్చున్నారట. కాంపౌండరు ఎంత విసుక్కున్నా రెండు నెలలు వదల్లేదట.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, తలకు తువాలు చుట్టుకుని మా వాకిట్లో నిలబడ్డారు. మంచినీళ్ళు కూడా పుచ్చుకోకుండా జేబులోంచి రెండు సీసాలు తీసి, పన్ను పసుపెక్కినదాన్ని ముందుకు చాచారు.

"ఇదిగో చూడమ్మా. దీనికి టీ వాసన కూడా తగల్లేదు. వేడి మీద చల్లన, చల్లన మీద వేడి పడే పచ్చబడింది. పదిమందిలో నిన్ను అనుమానించా. తప్పు నాది."

చెప్పాల్సింది అప్పుడే. సరేనని తలూపాను. మర్నాడు వెళ్ళి కొత్త సిమెంటు పెట్టించుకొచ్చాను. ఇవాళ పిల్లల ముందు నోరారా నవ్వుతున్నానంటే ఆయన చలవే.

అప్పటి నుంచి వచ్చినవాళ్ళందరికీ, "దవడకి ఎండా వానా ఒక్కపూటే చూపించబాకండి" అని చెప్పేవారు. వేడివేడిది తాగి వెంటనే చల్లనిది పోయొద్దని దానర్థం. తనకు ఆ సంగతి తెలిసింది ఒక టీచరమ్మ నిజాయితీ వల్లనేనని కూడా చెప్పేవారట. ఆ మాట చెవిన పడ్డాక నరసరావుపేట వెళ్ళినా ఆ వీధి తప్పించుకుని తిరిగాను.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళి, గురజాల టీచరునని చెప్పి కూర్చున్నాను. కిటికీలో ఆ సీసాలు ఇంకా ఉన్నాయి. వచ్చినవాళ్ళకు టీ గ్లాసులు ఇస్తున్నారు. నోటితో చెప్పలేకపోయినా, అందరి ముందూ చెయ్యి చాచి ఆ గ్లాసు అందుకోవాలనుకున్నాను. చాచాను కూడా. ఇంతలో ఆయన భార్య ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో అంది.

"ఆ టీచరమ్మకి టీ ఇయ్యబాకండి, ఆమె తాగదు. ఆయన చానాసార్లు చెప్పారు. మజ్జిగ తెచ్చియ్యండి."

ఆయనకు చెప్పలేనిది, ఆమెకూ చెప్పలేనిది, మీకు చెబుతున్నాను. చాచిన చెయ్యి మజ్జిగ గ్లాసే అందుకుంది. ఆ చల్లదనం ఆయన బాగుచేసిన పంటికి జివ్వుమని తగిలింది.