చిన్నముల్లు జెట్టీ కాదు

గోడ గడియారానికి కొత్త బ్యాటరీ వేయగానే టిక్కుమంది. ఆ చప్పుడు వింటే నాకు గర్వం పొంగుకొస్తుంది. గడియారం లెక్కల్లో ఈ దీవులన్నిటిలో నన్ను మించినవాడు లేడు. గుమాస్తా ఉద్యోగ పరీక్షలో, ముళ్ళు రెండూ ఎన్నిసార్లు కలుస్తాయన్న ప్రశ్నకు అర నిమిషంలో జవాబు రాశాను. నేర్పింది డాలీగంజ్ రూతు టీచరు.

ఆవిడ చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక, చర్చి వరండాలో మాలాంటి నిరుద్యోగులకు పోటీపరీక్షల లెక్కలు చెప్పేది. మాది చేపలవేట ఇల్లు. నాకేమో పడవెక్కితే వాంతులు. వయసు దాటిపోతోంది, అదే ఆఖరి పరీక్ష. "ఈపాలి రాలేదంటే సీదా బోటెక్కు, బస్," అనేశాడు నాన్న.

"పన్నెండు గంటల్లో ముళ్ళు ఎన్నిసార్లు కలుస్తాయిరా?" అని అడిగింది టీచరు.

"పన్నెండు. ఫెర్రీ గంటకోసారి జెట్టీకి తగిలినట్టే కదా, టీచర్!"

"చిన్నముల్లు జెట్టీ కాదురా బాబూ, అదీ పడవే."

నేను ఒప్పుకోలేదు. ఆవిడ సుద్దముక్కతో నేలమీద పెద్ద వలయం గీసి, చుట్టూ అంకెలు వేసింది. "నాకు మోకాళ్ళ నొప్పి, నేను చిన్నముల్లు. నువ్వు పెద్దముల్లు. చల్, పరిగెత్తు!"

ఇద్దరం పన్నెండు మీద నిలబడి మొదలుపెట్టాం. నేను ఒక చుట్టు తిరిగేసరికి ఆవిడ ఒక్క అంకె జరిగేది. ఇంకాస్త ఉరికితేగాని అందేది కాదు. అందినప్పుడల్లా నా వీపుమీద ఒకటి చరిచి లెక్కపెట్టేది. పన్నెండు చుట్లు పూర్తయ్యేసరికి పదకొండే దెబ్బలు! పుస్తకం వంక చూడకుండా లెక్కను నా కాళ్ళకు ఎక్కించిన మనిషి ఆవిడ.

అర నిమిషమన్నాను గానీ, నిజం చెప్పేస్తాను. పావుగంట పట్టింది. బల్లమీద వేలితో చుట్లు తిప్పుకుంటూ, ఆ దెబ్బలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఎంపికైనవాళ్ళలో ఆఖరి పేరు నాది. అయితేనేం, వేటకు వెళ్ళకుండానే పెన్షన్ దాకా వచ్చాను. నెమ్మదిగా కదిలేవాళ్ళను చూసి ఆగిపోయారనుకోవడం మాత్రం వరండాలో పరిగెత్తిన ఆ రోజుతో మానేశాను.

ఇదంతా రాసి, చౌల్దారీలో కూతురి దగ్గర ఉంటున్న టీచరుకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది.

"నీ గొప్పలు నీ ఇష్టం. నా గురించి మాత్రం గలత్ రాశావ్. పుస్తకం ముందురోజే చూశాను. పదకొండు అని ఉంది. ఆ ఒక్కటీ ఎక్కడ తగ్గిందో నాకూ బోధపడలేదు. ఎవడో ఒకడు పరిగెత్తితే తేలుతుందని నిన్ను ఉరికించాను. ఆ ముక్క కొట్టేసి, ఇది రాయి."