త్రిభుజం మీద గీత

మొదటి సంవత్సరం సోషియాలజీకి ఏ పుస్తకం పెట్టాలో సోమవారం మీటింగులో చెప్పాలి. డిపార్ట్‌మెంటులో ఉండేది ఇద్దరమే, నేనూ నాకన్నా చిన్నవాడైన ఒక లెక్చరరూ. వచ్చిన పుస్తకాల్లో చాలావాటిని ఇద్దరం కలిసి పక్కన పెట్టేశాం. చివరికి బల్ల మీద రెండు మిగిలాయి.

ఒకటి పలచటిది. ఉత్తరాదిలో ఎవరో రాసినదానికి తెలుగు. వాక్యాలు చిన్నవి. మా పిల్లలు బస్సులో కూర్చుని కూడా చదువుకోగలరు. వివాహం పాఠంలో మాత్రం, హిందువులు దగ్గరి బంధువులను పెళ్లి చేసుకోరని ఒక వాక్యం ఉంది. చేసుకోవడం తప్పని కూడా అనలేదు. చేసుకోరని మాత్రమే అంది. మా క్లాసులో సగం మంది మేనరికపు పెళ్లిళ్లకు పుట్టినవాళ్లే.

రెండోది లావుపాటిది. దాని తెలుగు బరువు. వాక్యం మొదలైతే ఎక్కడ ఆగుతుందో వెతుక్కోవాలి. కానీ అందులో మేనరికం ఉంది, బంధుత్వ పటం ఉంది. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు, తోబుట్టువులను కలుపుతూ పైన ఒక గీత. చనిపోయినవాళ్ల గుర్తు మీద వాలుగా ఒక గీత. పాఠం చివర అభ్యాసం: మీ కుటుంబ పటం గీయండి.

ఏ పుస్తకం ఉన్నా, లేకపోయినా, ఈ పాఠానికి ఏటా నేను మా కుటుంబాన్నే బోర్డు మీద గీసేదాన్ని. నా భర్త మా మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ తర్వాతా బావా అనే పిలిచాను. పటంలో నా సున్నా నుంచి బావ త్రిభుజానికి పెళ్లి గీతలు ఒక దారి. మా నాన్న మీదుగా అత్త దగ్గరికెళ్లి, అక్కడినుంచి కిందికి దిగితే ఇంకో దారి. అది గీసేసరికి పిల్లలకు హుషారొచ్చేది.

"మేడం, సార్ మీకు రెండు పక్కలా చుట్టమా?"

"అవును."

"మరి సార్‌తో గొడవైతే ఏ ఇంటికి పోతారు మేడం?"

క్లాసంతా నవ్వేది. ఇంటికొచ్చి చెబితే బావ, "ఈ ఏడు కూడా నన్ను బోర్డెక్కిచ్చినావా?" అనేవాడు.

బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ లావుపాటి పుస్తకంలో పటం ఉన్న పేజీ తెరిచి, చదవకుండానే మూసేసేదాన్ని. సుద్ద పట్టుకుని బోర్డు ముందు నిలబడడం, ఆ త్రిభుజం వరకు రావడం, వెనక పిల్లలు చూస్తూ ఉండడం. అంతవరకే ఊహించగలిగేదాన్ని. పలచటి పుస్తకంలో పటమే లేదు. అది పెడితే ఈ ఏడు ఎవరూ ఏమీ గీయనక్కర్లేదు.

శుక్రవారం ఆ లెక్చరర్ తన మాట చెప్పేశాడు.

"పలచటిదే పెడదాం మేడం."

"ఆ వాక్యం ఉంది గదా."

"ఒక్క వాక్యం. నోటితో దిద్దేస్తాం. ఆ లావుదాంట్లో బొమ్మ ఉంది చూడండి, నాకు దాంతోనే భయం." అతడిది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. "మా ఊరి పిలకాయలు గీస్తే త్రిభుజాల మీద గీతలే ఎక్కువుంటాయి. డిగ్రీలో నేనూ గీసినా, మా నాయన మీద. పక్కనోడు తొంగిచూసి, మీ నాయన లేడా అన్నాడు. అప్పటిదాకా క్లాసులో ఎవురికీ తెలీదు."

ఆ మాటకు ముందు బాధ కలిగింది. దాని వెనకే ఊరట కలిగింది. పుస్తకం వద్దనడానికి మంచి కారణం దొరికింది, అదీ పిల్లల పేరు మీద. ఆ ఊరటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నాను.

"అయితే పలచటిదేనా?"

"సోమవారం చెబుతా."

"మీ సోమవారం మా ఊరి బస్సు మాదిరి మేడం. వస్తే వచ్చినట్టు," అని నవ్వి సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సులో దొరవారిసత్రం దాటాక సీటు దొరికింది. పలచటి పుస్తకం ఒళ్లో పెట్టుకుని దాని మంచి గుణాలు లెక్కపెట్టుకున్నాను. అన్నీ నిజమైన గుణాలే. అయినా ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టే ఉంది. చిల్లకూరులో దిగేవరకు అదే పని.

ఆదివారం ఇంట్లో అత్త వరండాలో కూర్చుని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. ఒక చేటలో తుంచినవి, పక్కన కాగితం మీద తలలు. బావ పోయాక మా నాన్న వచ్చి చెల్లెల్ని తన ఇంటికి రమ్మన్నాడు. ఆమె వెళ్లలేదు. నేను రెండు పుస్తకాలూ పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

"దగ్గరి చుట్టాల్లో పెళ్లి చేసుకోరని రాసినారు అత్తా."

"ఎవురు?"

"మనమే. హిందువులు."

"పాపం, రాసినాయనకి మేనమామ లేడేమో." రెండో పుస్తకం వైపు తొంగిచూసింది. "అదేందమ్మే, ముగ్గా?"

ఏ గుర్తు ఎవరిదో చెప్పాను.

"మనల్నెయ్యి, చూద్దాం."

కాగితం తీసి పెన్సిల్‌తో మొదలుపెట్టాను. మా తాత, మా నాయనమ్మ, ఇద్దరి మీదా గీత. మా నాన్న. పక్కన అత్త. ఆమె పక్కన మామయ్య త్రిభుజం, దాని మీద గీత.

"ఈ గీతలేంది?"

"పోయినవాళ్లకి."

ఆమె తలూపింది. నేను నా సున్నా గీశాను. అత్త నుంచి కిందికి ఒక గీత దించి బావ త్రిభుజం గీశాను. మధ్యలో పెళ్లి గీతలు రెండూ గీసి, పెన్సిల్ కింద పెట్టాను.

అత్త కాసేపు రొయ్యలు తుంచుతూనే ఉంది.

"వాడికెయ్యలా?"

నేను పెన్సిల్‌ను వేలితో అటూ ఇటూ దొర్లించాను.

"ఆ గీతేస్తే, మీ ఇద్దరి మధ్యలో ఉండేటివి చెరిపెయ్యాల్నా?"

"అక్కర్లేదు. విడాకులైతేనే వాటిని కొట్టేస్తారు."

"నాకూ వాడికీ మధ్యలో ఉండేది?"

"అదీ ఉంటుంది అత్తా."

"అయితే ఎయ్యి మరి."

కూరలో ఉప్పు వెయ్యమన్నట్టే అంది. కానీ ఆమె చేతులు తలలను చేటలో వేస్తున్నాయి, తుంచిన రొయ్యలను కాగితం మీద పడేస్తున్నాయి. నేను పెన్సిల్ తీసుకుని గీత గీశాను. సన్నగా పడింది. తర్వాత ఇద్దరం కూర్చుని రొయ్యల్లోంచి తలలు ఏరాం.

సోమవారం మీటింగులో లావుపాటి పుస్తకం పేరు చెప్పాను. లెక్చరర్ నా వైపు తిరిగాడు.

"ఆ బొమ్మ సంగతి మేడం?"

"వాళ్లది గీయమని అడగను. తెలిసిన ఏ కుటుంబాన్నైనా గీయొచ్చు. ఎవరిదీ ఎవరికీ చూపించనక్కర్లేదు."

"అయితే సినిమా హీరోల కుటుంబాలు గీసుకొస్తారు."

"గీయనీ. నువ్వు మీ నాన్న మీద గీత పెట్టిన పటంలో ఆయనకు చోటుంది. పలచటి పుస్తకంలో ఇక్కడి పిల్లల ఇళ్లకే చోటు లేదు."

"ఏమో మేడం," అన్నాడు. ఒప్పుకున్నట్టు లేదు. గొంతు తగ్గించి అడిగాడు. "బోర్డు మీద మీ ఇల్లే గీస్తారా?"

"గీస్తాను."

అతడు మినిట్స్‌లో పుస్తకం పేరు రాసి, సంతకానికి నా వైపు జరిపాడు.

అది సరైన పుస్తకమేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. దాని బరువైన వాక్యాలకు బెదిరి వెనక బెంచీల్లో కొందరు పుస్తకం తేవడమే మానేశారు. నేను ప్రతి పేజీనీ మామూలు మాటల్లో మళ్లీ చెప్పాల్సి వస్తోంది. పలచటిది పెట్టి ఉంటే ఈ పాటికి మూడో పాఠంలో ఉండేవాళ్లం. ఇప్పుడు రెండోది నడుస్తోంది. బంధుత్వం నాలుగోది.

బోర్డు మీద ఎక్కడినుంచి మొదలుపెట్టాలో రోజూ ఆలోచిస్తున్నాను. మా నాన్న నుంచి మొదలుపెడితే బావ ఆఖరున వస్తాడు, అప్పటికి గంట కొట్టవచ్చు. నా నుంచి మొదలుపెడితే వెంటనే వస్తాడు. ఎటునుంచి గీసినా అక్కడికే చేరతాను. పిల్లలు నవ్వేది ఆ రెండు దారులు చూసే. ఈసారి కూడా నవ్వుతారో లేదో.