పోచన్న బల్ల దగ్గర మర్యాద

కాపురం చెడగొట్టుకోవాలంటే తాగుడో జూదమో కావాలనుకుంటారు జనం. నాకు ఒక చేప ముక్క, కాస్త మర్యాద దాదాపు సరిపోయాయి. ఎలాగో చెబుతాను. నవ్వడానికి మొహమాటపడకండి.

ఎనభైల మొదట్లో బెల్లంపల్లిలో నేను కొత్త టీచర్ని, కొత్త మొగుణ్ణి. ఒకనాడు మెట్‌పల్లి నుంచి మా మామగారు దిగారు. వాకిట్లో ఆరేసిన తెల్ల పంచె మీద బొగ్గు నుసి చూశారు.

"గీ మసి ఊర్ల నా బిడ్డ ఏం తింటది, ఎట్ల బతుకుతది? మూడు గంటల బస్సుకు తోల్కపోత."

నా భార్య సులోచన తలుపు వెనక నుంచి నా వంక చూసింది. ఏదో ఒకటి చెయ్యమన్న చూపు అది.

"తిండి సంగతే అయితే పోచన్న బల్ల కాడ తిని మాట్లాడుండ్రి మామా," అన్నాను. నేనూ అక్కడ ఎన్నడూ తినలేదు. ఆ ముక్క మాత్రం ఆయనకు చెప్పలేదు.

పోచన్నది హోటల్ కాదు. ఒక పెనం, దాని ముందు ఆరుగురు పట్టే బల్ల. గోడ పొడవునా డ్యూటీ దిగిన గని కార్మికుల వరుస. అడగందే అమ్మైనా పెట్టదంటారు. పోచన్న అడిగితే పెట్టడు. ఏ చేప, ఏ ముక్క, ఎప్పుడు అన్నది ఆయన ఇష్టం. మన మొహం చూసి, మన ఎదుటే వేయించి, ఒక్కో ముక్కా ఆకులో వేస్తాడు.

మొదట కొర్రమట్ట వచ్చింది. మామగారు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఇక సులోచన ఎక్కడికీ పోదనుకున్నాను. పోచన్న రెండో ముక్క ఎత్తాడు.

కొత్త అల్లుడు ఆబగా తినకూడదు కదా! మా ఇళ్లలో పెట్టేవాళ్లు బతిమాలుతూ ఉండాలి, తినేవాళ్లు వద్దంటూ ఉండాలి. ఆఖరికి ఓడిపోయినట్టు మొహం పెట్టి అంతా తినాలి. అలవాటుగా రెండు ఆకులకూ చేతులు అడ్డం పెట్టాను.

"చాలు చాలు, మా ఇద్దరికి చాలు!"

"సరే సార్." పోచన్న మా ఆకులు తీసి, బల్ల తుడిచి, వరుసకేసి అరిచాడు. "ఇద్దరు రాండ్రి!"

"అరే, ఊకె అన్న పోచన్నా! జర మర్యాదకు..."

"మర్యాద ఇంటికాడ చేసుకో సార్. ఈడ పెంక మాడుతది."

మామగారు తన ముక్క పరాయి ఆకులోకి దిగడాన్ని, పొలం వేలానికి పోతున్నట్టు చూశారు.

"గా ముక్క నాది," అన్నారు మెల్లగా. తర్వాత మెల్లగా అనలేదు. "నీ మర్యాదల మన్నువడ! నా నోరేమన్న పడిపోయిందా, నువ్వు చెప్పెతందుకు?"

మళ్లీ వరుస చివర నిలబడ్డాం. బల్ల దొరికాక ఇద్దరమూ నోళ్లకు తాళాలేసుకున్నాం, తినడానికి తప్ప. బొచ్చె వచ్చింది. జెల్ల వచ్చింది. మళ్లీ కొర్రమట్ట. పోచన్న మా మొహాలు చూస్తాడు, ఇంకా ఆకలేమో అనుకుంటాడు, వేస్తాడు. నా పొట్ట పెళ్లి డోలులా బిగిసింది.

"మామా, మీరు చాలనుండ్రి," అని గొణిగాను.

"నువ్వే అను. నీకు అలవాటే గద!"

"నేనంటే మల్ల మిమ్ముల గూడ లేపుతడు."

"అయితె ఊకోని తిను."

చివరికి పోచన్న గంప బోర్లించి చూపించాడు. "చాపలు ఒడిసినయ్. మీరనేటట్టు లేరు, నేనే అంటున్న. చాలు! లేవుండ్రి సార్!"

లేస్తే కదా! కార్మికులు మమ్మల్ని చెరో రెక్కా పట్టి లేపారు. మూడు గంటల బస్సు మా కళ్ల ముందే పోయింది. మామగారు మా ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడి, సులోచన ఇచ్చిన వాము నీళ్లు తాగుతూ మూలిగారు. పక్క మంచం మీది మూలుగు నాది.

ఆయన తేరుకున్న రోజు కూతుర్ని పిలిచారు.

"బట్టలు సదరాల్నా బాపూ?" అంది ఆమె.

"వద్దు బిడ్డా, ఈడనే ఉండు. గీ పిలగాడు ఒక్కడుంటే తినక సస్తడు. లేకుంటె తిని సస్తడు."

ఆమె కన్నుమూసేదాకా మా కాపురం ఆ తీర్పు మీదే నడిచింది.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట నా కడుపు గురించి తప్ప మరొకరి కడుపు గురించి మాట్లాడను. బతికున్నంత కాలం పరుల ఆకుకు నా చెయ్యి అడ్డం పెట్టను. అందులో కొర్రమట్ట ఉంటే అసలే పెట్టను.