రెండో గడి

పొద్దున్నే మిర్యాలగూడ నుంచి నా ఇంటర్ స్నేహితురాలు ఫోన్ చేసింది. "సార్ ఇగ లేరే. సూర్యాపేట దవాఖానల పానం పోయిందంట" అంది. మా ఫిజిక్స్ సార్. నేను ల్యాబులో ఉన్నాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రెండు రోజులు ఆగలేకపోయారా సార్, మీకొకటి చెప్పాల్సి ఉంది కదా అనుకున్నాను.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నిరోధం, అంటే రెసిస్టెన్స్, ఒకసారి కొలిచాక, తీగలు అటూ ఇటూ మార్చి మళ్లీ కొలవాలి. మాకు బద్ధకం. రికార్డు పట్టికలో మొదటి గడి నింపి, రెండో గడిలో దానికి సరిపడే అంకె వేసేవాళ్లం. సార్ నా రికార్డు చూసి నవ్వారు. "గింత ముద్దుగ కలిసినయంటే నువ్వు కొలవనట్టే." నేనెక్కాల్సిన గరిడేపల్లి బస్సు వెళ్లిపోయినా వదల్లేదు. రెండు గడులూ నిజంగా నిండాకే ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు.

తర్వాత పరిశోధనలో చేరి టోపలాజికల్ సెమీమెటల్ స్ఫటికాలు పట్టుకున్నాను. వాటిలో కొన్ని ఎలక్ట్రాన్లు బరువే లేనట్టు పరుగెడతాయి. అయస్కాంత క్షేత్రంలో పెడితే మామూలుగా నిరోధం పెరుగుతుంది. కరెంటు పారే దిశలోనే క్షేత్రం పెట్టినప్పుడు తగ్గితే మాత్రం అది ఆ ఎలక్ట్రాన్ల జాడ, పెద్ద కబురు. నాకు తగ్గింది! పేపరు రాసేశాను, ఇక డాక్టరేట్ పట్టా చేతికొచ్చినట్టే. సంబరంగా సార్‌కి ఫోన్ చేస్తే, ఆయన త్రిపురారంలో మడికి నీళ్లు పెడుతున్నారు.

"తీగెలు జరిపి సూసినవా బిడ్డా?"

"నాలుగుసార్లు అదే వచ్చింది సార్."

"ఒక్కతాననే పెట్టి నాలుగుసార్లు సూస్తే ఒక్కసారి సూసినట్టే. గీడ మడిల నీళ్లన్నీ నడిమికెళ్లి పోతున్నయ్. గట్టుకాడ నిలబడి సూసేటోడు నీళ్లే రాలేదంటడు."

ఒళ్లు మండింది. అయినా జరిపాను. తగ్గుదల మాయమైంది. క్షేత్రం పెరిగేకొద్దీ కరెంటు స్ఫటికం నడుమ నుంచే సన్నగా పారుతోంది. అంచున అతికించిన నా తీగలకు అది అందక, నిరోధమే తగ్గిందని నేను భ్రమపడ్డాను. పేపరు పోయింది. వారం రోజులు సార్‌తో మాట్లాడలేదు. చివరికి ఆయనే ఫోన్ చేశారు. "కోపం పోయిందా? ఇగ రెండో గడి ఎప్పుడు నింపుతవ్?" ఆ ఫోన్ రాకపోతే నేను చదువు మానేసేదాన్ని.

సార్ పోయిన పొద్దున నా ముందు కొత్త స్ఫటికం ఉంది, మొదటి గడి నిండి ఉంది, రెండోదానికి ఇంకో రెండు రోజుల పని. మిర్యాలగూడ వెళ్లి సార్‌ని సాగనంపి వచ్చాక, తీగలు జరిపి మళ్లీ కొలిచాను. ఈసారి తగ్గుదల పోలేదు, అలాగే నిలిచింది.

రెండో గడిలో అంకె వేసి ఎర్ర పెన్ను తీశాను. టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. పెన్ను పేజీ మీదే ఉంచి, నోటుబుక్కు ఇంటర్‌లో రికార్డు సార్ బల్ల వైపు జరిపినట్టే కొంచెం ముందుకు జరిపాను.